సమాననామకులు: కార్వాను మొదలుగా నొక విమర్శ

వాఙ్మయచరిత్రమున మిక్కిలి సులభముగా దొరకు నాధారము పేరు. శాసనమునం దొక పేరు, కావ్యపీఠికయం దదే పేరు, జనశ్రుతియందు మరల నదే పేరు కనఁబడినప్పుడు మూఁటిని ముడివేసి యొకే వ్యక్తిని నిలుపుట సహజము. కాని యా ముడి పలుమాఱు పరిశీలన లేకయే పడుచున్నది. ఒకే పేరు గల యిరువురు భిన్నకాలములవారు కావచ్చును. ఏకకాలమున భిన్నవృత్తులయం దుండవచ్చును. ఒకే యింట నొకఁడు గంటమును, వేఱొకఁడు ఖడ్గమును పట్టి యుండవచ్చును. ఇట్టివారి నిచ్చట సమాననామకు లనుట. పేరు కలిసినంత మాత్రమున వ్యక్తి కలియునా? కలియనిచో వారిని వేఱుపఱుచు గుఱుతు లెవ్వి? ఇదియే విచార్యము.

ఇది కేవలము కాలక్షేపమునకైన ప్రశ్న కాదు. ఇరువురిని గలిపినచో నొకని కృషి వేఱొకనికిఁ జెందును. ప్రసిద్ధుని నీడలో నప్రసిద్ధుఁడు రూపుమాయును. ఒకని నిద్దఱుగా విడఁదీసినచో నొక జీవితము రెండు తునుకలై దేనికిని నిండుదనము లేకపోవును. పాఠశాలలో బాలురకు బోధింపఁబడు కవిచరిత్రలలో నీ రెండు దోషములును గలవు. ఒకసారి బోధింపఁబడిన పొరపాటు మూఁడు తరములు నిలుచును.

1. కార్వాను

హైదరాబాదు పాతనగరమున, గోలకొండ దుర్గమునుండి పురానాపూలు వంతెనకు వచ్చు మార్గమున, మూసీ యుత్తరపుటొడ్డున నున్న ప్రాచీనవాటిక కార్వాను. పారసీకమున 'కార్వాన్' అనఁగా బిడారు, దూరప్రయాణము సేయు వర్తకుల గుంపు. సంస్కృతమున దానికి సార్థ మని పేరు. దాని నాయకుఁడు సార్థవాహుఁడు. కుతుబ్‌షాహీ సుల్తానుల కాలమున వజ్రముల బేహారులును, దళారులును, పరదేశపు వర్తకులును విడిసిన తా విది. గోలకొండ వజ్రవ్యాపారమును స్వయముగాఁ జూచిన ఫ్రెంచి వర్తకుఁడు టావెర్నియే (1605–1689) రచించిన యాత్రాగ్రంథము 1676లో వెలువడినది. ఈ పేటకు 'కార్వాన్ సాహు' అనియు వ్యవహారము గలదు. 'సాహు' శబ్దము 'సాధు' శబ్దమునుండి పుట్టినది. 'సాహుకారు' దాని పరివారములోనిదే. కావున నిచ్చటి సాహు ఒక వ్యక్తి పేరు కాదు, ఒక వృత్తి పేరు.

సార్థ మను మాటకు అర్థముతోఁ గూడిన దనియు వ్యుత్పత్తి చెప్పుదురు. సార్థవాటికలోని పేర్లు మొదట సార్థకములే. ఎవనిని సాహు వనిరో వాఁడు వర్తకము చేసినవాఁడు. ఎవనిని మహల్దా రనిరో వాఁడు అంతఃపురపుఁ గొలువు చేసినవాఁడు. కాలము గడచిన కొలఁది కొలువు పోయి పేరు మిగులును. శాబ్దికుల పరిభాషలోఁ జెప్పవలెనన్నచో యౌగికము రూఢమగును. సమాననామకుల చిక్కులలో సగమునకుఁ గారణ మిదియే: ఒకప్పుడు యౌగికమైన పదమును రూఢమైన పేరుగాఁ గొని, దానిని ధరించినవారి నెల్ల నొక్కనిఁగాఁ జూచుట.

2. మూఁడు మూసాలు

కార్వానులోని తోలీ మసీదు 1671లో, అబ్దుల్లా కుతుబ్‌షా (1626–1672) కాలమున, మూసాఖాను మహల్దారుచేఁ గట్టింపఁబడినది. దానికే దమ్డీ మసీ దని నామాంతరము. మక్కా మసీదు కట్టుబడికి వెచ్చించిన ప్రతి రూపాయికిని ఖానునకు నొక్కొక్క దమ్డీ చెల్లె ననియు, ఆ సొమ్ముతో నీ మసీదు లేచిన దనియు జనశ్రుతి. గోలకొండకోటలో మూసాబురుజు గలదు. అదియు 1656 నాఁటి మొగలాయి ముట్టడి తరువాత, ఆ యబ్దుల్లా కాలముననే కట్టఁబడినది. ఇచ్చటఁ బేరొక్కటియే కాక కాలమును, ప్రభువును, కొలువును గలియుచున్నవి. కావున బురుజును మసీదును ఒకే మూసాఖానునకు సంబంధించిన వని పెద్దలు తలఁచుటకుఁ దగిన హేతువు గలదు.

నగరమున నీఁటికిఁ దూర్పుగా మూసారాంబాగు గలదు. పేరును మాత్రము చూచినవాఁ డిదియు నా ఖానుగారి తోటయే యని తలఁపవచ్చును. అది యట్లు గాదు. నిజాము అలీఖాను కొలువున సేనానియై యుండి 1798లో మరణించిన ఫ్రెంచి యోధుఁడు మిషెల్ ఝోఆకీం మరీ రేమోఁ (జననము 1755) ఆ తోటకుఁ బేరిచ్చినవాఁడు. అతని సమాధి ఆస్మాన్‌గఢ్ గుట్టపై నున్నది. ఫ్రెంచివారు గౌరవముగా నుపయోగించు 'మొస్యో' అను మాట జనుల నోట 'మూసా' యయ్యెను. 'రేమోఁ' అనునది హిందువుల నోట 'రాం' అనియు, ముసల్మానుల నోట 'రహీం' అనియు నయ్యెను. ఒక పరదేశి యోధుని రెండు మతములవారును తమతమ దేవుని పేరఁ బిలుచుకొని తమవాఁ డనిపించుకొనిరి.

మూఁడవది నదియే. అనంతగిరి కొండలలోఁ బుట్టి, వాడపల్లికడఁ గృష్ణలోఁ గలియు మూసీని స్థలపురాణము ముచికుంద యనును; ముచికుంద మహర్షి దానికిఁ గారకుఁడు. ఒకటి ఖురానులోని ప్రవక్త పేరు, ఒకటి ఫ్రెంచివారి గౌరవవాచకము, ఒకటి పురాణనామము. మూఁడును జనవ్యవహారమున నొకే ధ్వనికి వచ్చి చేరినవి. మహల్దారు, సేనాని, నది యను మూఁటికి నడుమఁ జుట్టఱికము లేదు. ధ్వనిసామ్యము వ్యుత్పత్తికే సాక్ష్యము కానప్పుడు వ్యక్తిత్వమునకు సాక్ష్య మెట్లగును? ఈ యుదాహరణము నగరముననే కన్నులకుఁ గట్టునట్లున్నది గనుక బాలురకుఁ జెప్పుట కనుకూలము.

3. బిరుదము పేరైనప్పుడు

కార్వాను వజ్రపు బేరములతో సంబంధించిన వేఱొక పేరు మీర్‌జుమ్లా. గోలకొండచరిత్రమును జదువువారికి నీ పేరు రెండు భిన్నస్థలములలోఁ దగులును. మహమ్మదు కులీ కుతుబ్‌షా (1580–1612) కొలువున నిరానునుండి వచ్చిన మీర్జా మహమ్మదు అమీను మీర్‌జుమ్లా యయ్యెను. అతఁడు 'రూహుల్ అమీన్' అను కవినామముతోఁ బారసీకమునఁ గవిత్వము చెప్పినవాఁడు; ఆ ప్రభువు పోయిన తరువాత గోలకొండను విడిచి, పిదప జహంగీరు కొలువు చేరి, 1637లో మరణించెను. అబ్దుల్లా కాలమున మఱొక మీర్‌జుమ్లా గలఁడు. అతని పేరు మహమ్మదు సయ్యదు, ఇరానులోని అర్దిస్తానువాఁడు. వజ్రవ్యాపారముతో మొదలై మంత్రియయ్యెను, సేనానియయ్యెను. 1650లో పెమ్మసానివారినుండి గండికోటను గైకొనెను. 1656లో మొగలాయిల పక్షము చేరెను. అస్సాము దండయాత్ర ముగించి మరలివచ్చుచు 1663లోఁ గన్నుమూసెను.

మొదటివాఁడు కవి, రెండవవాఁడు వజ్రముల బేహారి. రెంటికిని పొత్తు గల దొక్క పదవియే. 'మీర్‌జుమ్లా' యనునది రాజ్యపు ఆదాయవ్యయములఁ జూచు ప్రధానోద్యోగికిఁ జెల్లు పేరు. దీనిని వ్యక్తినామముగాఁ దీసికొన్నచోఁ గవియే వజ్రములమ్మి గండికోటను ముట్టడించె ననవలసివచ్చును.

మొదటివాని యసలుపేరైన 'అమీను' నందును వేఱొక చిక్కు గలదు. తెలుఁగువారికిఁ బరిచితుఁడైన అమీనుఖాను వేఱు. అతఁ డిబ్రహీం కుతుబ్‌షా కొలువున నుండి పటాన్‌చెఱువుప్రాంతము నేలినవాఁడు. పొన్నికంటి తెలగనార్యుని 'యయాతిచరిత్రము'నకుఁ గృతిపతి. అచ్చతెనుఁగుఁ గబ్బములలో నది మొదటిది. ఆ కీర్తి యీ ఖానునకుఁ జెందవలసినది గాని పారసీకకవియైన యా మీర్జాకుఁ జెందరాదు. అమీనుఖాను స్వయముగాఁ బద్యము చెప్పినవాఁడు గాఁడు. పరభాషవాఁడై యుండియుఁ దెలుఁగుకబ్బమును దన పేర నందుకొన్నవాఁడు. ఇరువురకును గవిత్వముతోఁ బొత్తు గలదు. ఒకనికిఁ గర్తగా, ఒకనికి భర్తగా. పేరును గవిత్వసంబంధమును రెండును గలిసినను వ్యక్తులు గలియరు. కాలము, భాష, కొలువు అడ్డుచెప్పుచున్నవి.

4. వికృతి భేదకమైన చోటు

పేరు నోట నోట మాఱుట యెల్లప్పుడును చిక్కుకే కారణము గాదు. ఇబ్రహీం కుతుబ్‌షా (1550–1580) కాలముననే బిజాపురమున మొదటి ఇబ్రహీం ఆదిల్‌షా 1558 వఱకు నేలెను. 1580లో రెండవ ఇబ్రహీం ఆదిల్‌షా గద్దె నెక్కెను. సంగీతప్రియుఁడైన యితఁడు 'కితాబె నౌరస్' కర్త. దక్కనులో నిందఱు ఇబ్రహీములు గలరు. అయినను తెలుఁగుకావ్యములు చదువువాఁ డొక్కనాఁడును బొరపడఁడు. ఏలయన, తెలుఁగుకవు లీ ప్రభువును 'మల్కిభరాముఁ'డనిరి. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణకథను గృతియిచ్చినది యీ మల్కిభరామునకే. కందుకూరి రుద్రకవికి నాశ్రయమిచ్చినది యీతఁడే. 'మలిక్ ఇబ్రహీం' అను పలుకు తెలుఁగు ఛందస్సునకును, తెలుఁగువాని నాలుకకును అనువుగా మాఱి యొక్కనికే చెల్లు పేరయ్యెను.

మూసారాములోను, మల్కిభరామునిలోను రామశబ్దమే వచ్చి చేరినది. కాని మొదటిచోట వికృతి యిద్దఱిని దగ్గఱకుఁ జేర్చినది. రెండవచోట నొకనిని బలువురలోనుండి వేఱుచేసినది. కావున నామవికారమును గనినంతనే దోషమని యెంచి మూలరూపమునకు దిద్దరాదు. పరిష్కర్త పీఠికలో 'మల్కిభరాముఁ'డను పదమును 'ఇబ్రహీం' అని మార్చి ముద్రించెనేని, తెలుఁగుకవి తానుగా నిచ్చిన గుఱుతును జెఱిపినవాఁ డగును.

5. ఒకే యింటఁ గంటమును ఖడ్గమును

ఇఁకఁ దెలుఁగుసీమ కవుల యిండ్లలోనికిఁ బోవుదము. సమాననామకులకు నిండైన యుదాహరణము కొట్టరువువారి యిల్లు. మంత్రి భాస్కరుని కుమారులలో సిద్ధన యొకఁడు, కొమ్మన యొకఁడు. సిద్ధన కొడుకు తిక్కన. కొమ్మన కొడుకును తిక్కనయే. ఇరువురును నెల్లూరి మనుమసిద్ధి కొలువువారే. పేరును, వంశమును, ఊరును, ప్రభువును, కాలమును అన్నియుఁ గలిసినవి. ఇంతగాఁ గలిసినను తెలుఁగువాఁ డెవ్వఁడును వీరినిఁ బొరపాటునఁ గలుపలేదు. ఒకఁడు ఖడ్గతిక్కన, ఒకఁడు తిక్కనసోమయాజి. కాటమరాజుతోఁ బశువుల పుల్లరికై జరిగిన పోరునఁ బడినవాఁడు మొదటివాఁడు. భారతమునఁ బదునైదు పర్వములు రచించినవాఁడు రెండవవాఁడు. మొదటివానిని గొల్లసుద్దులు నిలిపినవి; రెండవవానిని దాళపత్రములు నిలిపినవి.

ఇచ్చట భేదక మేది? వృత్తియే. పేరునకు ముందో వెనుకనో చేరిన యొక్క మాటలో వాని పని యంతయు నున్నది. ఖడ్గమని యనఁగానే సేన, సోమయాజి యనఁగానే యజ్ఞము, శ్రుతి, కావ్యము. మన పూర్వులు సమాననామకుల సమస్య నెఱుఁగనివారు గారు. దానికి సమాధానముగానే యింటిపేరు, గోత్రము, బిరుదము, వృత్తివిశేషణము నిలిపినారు. తిక్కనకు దశకుమారచరిత్రము నంకిత మిచ్చిన కేతన 'అభినవదండి' యనిపించుకొనెను. అది ప్రాచీనుని పేరుఁ గావలెనని తాల్చుట; కాని 'అభినవ' శబ్దము ముందుండుటవలన నెవ్వఁడును మోసపోఁడు.

ఇంటిపేరు మాత్రమే చాలదని చూపునది పావులూరి మల్లన యుదాహరణము. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును దెలుఁగునకుఁ దెచ్చిన గణితకవి యీతఁడు. ఈ గ్రంథమున, రాజరాజనరేంద్రునిచే నవఖండవాడ నగ్రహారముగాఁ బడసిన మల్లన ప్రశంస గలదు. పేరును, ఇంటిపేరును రెండును గలియుటచేఁ గొందఱు గ్రంథకర్తయే యా ప్రతిగ్రహీత యని, నన్నయకు సమకాలికుఁ డని చెప్పిరి. కాని గ్రంథమున నా మల్లన కవికిఁ దాతగాఁ బేర్కొనఁబడినాఁడు. తాత పేరు మనుమనికిఁ బెట్టుట తెలుఁగునాట నేఁటికి నున్న యాచారము. ఆ యాచార మొకటి మఱచుటవలన రెండు తరములు కుదిసి యొకటియయ్యెను. తెలుఁగు గణితశాస్త్రగ్రంథచరిత్రము రెండు తరములు వెనుకకు జరిగెను. ఇంటిపేరు వంశమును జెప్పును గాని తరమును జెప్పదు. తరమును జెప్పునది తండ్రి పేరు.

6. వేములు

అన్నిటికంటె గట్టి పీటముడి వేమనామమునది. కొండవీటి రెడ్డిరాజ్యము సుమారు 1325 మొదలు 1424 వఱకు నిలిచెను. దాని ప్రభువు లార్గురు: ప్రోలయ వేముఁడు, అనవోతుఁడు, అనవేముఁడు, కుమారగిరి, పెదకోమటి వేముఁడు, రాచవేముఁడు. ఆర్గురిలో నలుగురు వేములు. ఆ వంశమునకు సన్నిహితుఁడు కాటయవేముఁడు. ఇతఁడు కుమారగిరికి బావమఱఁది, సేనాని, రాజమహేంద్రవరమును బాలించినవాఁడు, కాళిదాసుని మూఁడు నాటకములకును 'కుమారగిరిరాజీయ' వ్యాఖ్యను రచించినవాఁడు. పెదకోమటి వేముఁడు స్వయముగా సాహిత్యచింతామణి మున్నగు గ్రంథములకుఁ గర్త; శ్రీనాథుఁ డతని యాస్థానమున విద్యాధికారి. వామనభట్టబాణుఁ డతని చరిత్రమును గద్యకావ్యముగా నిర్మించెను. ఆ కవి పేరునందును బాణశబ్దమున్నది. కాని హర్షుని యాస్థానకవియైన బాణునితో నతనిఁ గలుపకుండుటకు 'వామనభట్ట' యను భాగము గాపుగా నిలిచినది.

ఒకే శతాబ్దమున రాజులు, సేనాని, వ్యాఖ్యాత, అలంకారికుఁడు, సంగీతజ్ఞుఁడు నందఱును వేములే. వీరినైన నుపపదములు విడఁదీయుచున్నవి: ప్రోలయ, అన, పెదకోమటి, రాచ, కాటయ. వీనిలోఁ బ్రోలయ, పెదకోమటి, కాటయ యనునవి తండ్రుల పేర్లే. మల్లన విషయమున లోపించిన గుఱుతు నీ వంశమువారు పేరునందే కూర్చికొనిరి.

ఉపపదము లేక మిగిలినవాఁ డొక్కఁడే: ఆటవెలఁదుల వేమన. అతనికి ఇంటిపేరు నిశ్చితముగా నిలువలేదు, కృతిపతి లేఁడు, శాసనము లేదు, పీఠిక లేదు. శూన్యమునఁ గథ చొచ్చుట సులభము. వేమన కొండవీటి రెడ్డిరాజునకుఁ దమ్ముఁ డనియు, యౌవనమున భోగియై పిదప విరక్తుఁడయ్యె ననియు నొక కథ పుట్టెను. అతని పేరఁ జెల్లు నొక పద్యమునఁ గొండవీటి ప్రసక్తి యుండుట దానికిఁ దోడ్పడినది. పేరొకటి, ఊరొకటి, రెడ్డికుల మొకటి: మూఁడును గలిసి రాచబిడ్డ తయారయ్యెను. 1947లో వెలువడిన 'యోగివేమన' చలనచిత్రముతో నా కథ చదువురానివారి యిండ్లకును జేరెను.

ఈ మూఁడు గుఱుతులును విలువలేనివి గావు. కాని యవి చాలునా? కొండవీడు రాజవంశము గడచిన పిదపఁ గూడ వందల యేండ్లు జనులు గల యూరు. రెడ్లలో వేమనామము రాజులకే పరిమితము గాదు. రాజు పేరు ప్రజలు పెట్టుకొనుట సర్వసాధారణము. ఒకే వంశమున నలుగురు రాజులు వేము లైనచో నా సీమలో నా పేరు విస్తరించి యుండునే గాని తఱిఁగి యుండదు. కావున నామబాహుళ్యము కథకు బలము గాదు, దౌర్బల్యము. ఎంత మంది వేము లున్న నంతగాఁ బేరునకు సాక్ష్యబలము తగ్గును. అరుదైన పేరు రెండుచోట్లఁ గనఁబడినచో నది విచారమునకుఁ దగిన సూచన. ఊరూర నున్న పేరు రెండుచోట్లఁ గనఁబడుట వట్టి యాదృచ్ఛికము.

మఱియుఁ బెదకోమటి వేముని యాస్థానమున శ్రీనాథుఁడు, వామనభట్టబాణుఁడు మున్నగువా రుండిరి. వంశకీర్తనమునఁ దమ్ములను, మఱఁదులను, మంత్రులను వారు విడిచినవారు గారు. సింహాసనమునకుఁ దమ్ముఁడైన యొక మహాయోగిని వారందఱును మౌనముగా దాఁటిరనుట నమ్మదగినది గాదు. వేమన పద్యములను సేకరించి 1829లోఁ బ్రకటించిన సి. పి. బ్రౌను గాని, ఆంధ్రవిశ్వకళాపరిషత్తునఁ బ్రత్యేకోపన్యాసములు గావించిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు గాని వేమనను వెదకినది ప్రధానముగా నతని పద్యములలోనే. ఆ మార్గమే సరియైనది. పద్యములలోని పనిముట్లు, పైరులు, పశువులు, కమ్మరి కొలిమి, కుమ్మరి సారె, పల్లెసంత, ఇవి యతని లోకము. రాచనగరిని గుఱించిన తెలివిడి కంటె వీనిని గుఱించిన తెలివిడి యందు గాఢముగా నున్నది.

నష్టము రెండు విధములు. వేమనను రాజునకుఁ దమ్మునిఁ జేయుటవలన నతని ధిక్కార మంతయు భోగియొక్క పశ్చాత్తాపముగా మాఱును. పల్లెవానికి రాజవంశము తగిలింపనిదే గౌరవము రాదను భ్రాంతి బాలుర మనస్సున నాటుకొనును. మఱియొకవైపు, నిజముగా నాస్థానమునందుండి కాళిదాసునకు వ్యాఖ్య రచించిన కాటయవేముఁడు జనులకుఁ దెలియకయే పోవును. వేమన యనఁగా నెఱుఁగని తెలుఁగుబాలుఁడు లేఁడు. కాటయవేముని నెఱిఁగినవారు పండితులలోనే కొందఱు.

7. జపానువారి నుదాహరణము

ఈ చిక్కు తెలుఁగువారికే ప్రత్యేకించినది గాదు. జపానులో 1875లోఁ బ్రజలందఱును ఇంటిపేరు ధరింపవలెనని శాసనమయ్యెను. 'సుజుకి' వంటి కొన్ని యింటిపేర్లు విశేషముగా వ్యాపించినవి. సుజుకి షిన్‌ఇచి యను పేర యోకొహామాలో ప్రసిద్ధుఁడైన ఛాయాచిత్రకారుఁ డుండెను. ఆ పేరుననే ఫిడేలువిద్యను బాలురకు నేర్పు పద్ధతిని నెలకొల్పిన సంగీతాచార్యుఁ డొకఁడు (1898–1998) గలఁడు. చెవికి నొకే పేరు. కాని వ్రాఁతలో భేదము గలదు. ఒకరి 'షిన్' సత్యార్థకమైన లిపిసంకేతముతోను, వేఱొకరి 'షిన్' శమనార్థకమైన సంకేతముతోను వ్రాయఁబడును. చిత్రకారుని పేరు నతని దత్తుఁడును ధరించి యదే వృత్తి చేసెను. అచ్చట లిపియుఁ గాపాడదు, వృత్తియుఁ గాపాడదు, తరమును గణించుటయే శరణ్యము. పావులూరి మల్లనల చిక్కును నిట్టిదే. కబుకి నాటకకళలో నిచికవ దంజూరో యను పేరు గురుపరంపరగా వచ్చుచు, 2022లోఁ బదుమూఁడవవానికిఁ జేరెను. వారు తరసంఖ్యను జేర్చి చెప్పుదురు గనుకఁ బొరపాటు పడదు.

తెలుఁగులిపి పలుకును యథాతథముగాఁ జూపును గనుక, ఒకే పలుకుగల రెండు పేర్లను వేఱుపఱుచు శక్తి దానికి లేదు. లిపి చేయలేని పనిని తెలుఁగున నింటిపేరు, ఉపపదము, బిరుదము చేయవలెను. అందువలననే ముద్రణమునఁ బొడి పేర్లను వాడి యింటిపేరు విడుచుట యిచ్చట మఱింత ప్రమాదకరము.

8. ఎదురుదోషము

భేదమును వెదకువాఁడు లేని భేదమును గల్పింపరాదు. గోలకొండ చివరి సుల్తాను తానాషా (1672–1687) కాలమునఁ బాల్వంచ తహసీలుదారుగా నుండిన కంచెర్ల గోపన్నయు, భద్రాద్రిరాముని కీర్తించిన వాగ్గేయకారుఁడు రామదాసును నొక్కఁడే. పేర్లు రెండు, వృత్తులు రెండు, వ్యక్తి యొక్కఁడు. కచేరిలెక్కలలో గోపన్న, కీర్తనముద్రికలో రామదాసు. ఈ సందర్భమున వృత్తిభేదమును బట్టి విడఁదీసినచోఁ జెఱసాల కథకును గీర్తనల యార్తికిని గల సంబంధమే తెగిపోవును. 'రామదాసు' అనునదియు యౌగికమే. గోపన్నకు సమకాలికుఁడై మహారాష్ట్రమున వెలసిన సమర్థ రామదాసు (1608–1681) వేఱు. అతని తొలిపేరు నారాయణుఁడు. దాస్యముచే వచ్చిన పేరు దాసులందఱకును జెల్లును.

అట్లే వసుచరిత్రకర్తను రామరాజభూషణుఁడనియు, భట్టుమూర్తి యనియు వ్యవహరించుటవలన నిద్దఱు కవులని వాదము పుట్టెను. ఒకటి యాస్థానమునుబట్టి వచ్చిన బిరుదము. వేఱొకటి కులమునుబట్టి వచ్చిన పేరు. రెండును జాతిభేదముగల పదములు గనుక నొకనియందే యిముడును. రెండు వ్యక్తినామములు ఢీకొన్నప్పుడే వ్యక్తిభేదము శంకింపవలెను గాని పేరును బిరుదమును ఢీకొన్నప్పుడు గాదు.

9. ఫలితార్థము

పై యుదాహరణములనుండి తేలునది యిది. పేరును జూచినంతనే అది వ్యక్తినామమా, పదవినామమా, భక్తినామమా యని మొదట నిర్ణయింపవలెను; మీర్‌జుమ్లా, రామదాసు పదములిందు నిదర్శనములు. పిదప నా పేరు ఆ కాలమున నరుదైనదా, విరివియైనదా యని చూడవలెను. వేమనామ మిందు నిదర్శనము. తండ్రి పేరు దొరకినచో నింటిపేరుకంటె దానికే యెక్కువ విలువ యీవలెను, మల్లనలు నిదర్శనము. వృత్తిభేదము వ్యక్తిభేదమునకు సూచనయే గాని నిశ్చయము గాదు. తిక్కన లొకవైపు, గోపన్న వేఱొకవైపు నిలిచి యీ మాట చెప్పుచున్నారు. తుదకు, జనుల నోటఁ గలిగిన వికృతిని ద్రోసివేయక యది గలుపుచున్నదా, విడఁదీయుచున్నదా యని విచారింపవలెను. మూసారాము, మల్కిభరాముఁడు నిందులకు సాక్షులు.

పాఠశాలా పండితులకు నిది భారమైన పని గాదు. కవిని బేర్కొనునప్పు డింటిపేరును, తండ్రి పేరును, కాలమును మూఁటిని జేర్చి చెప్పుట, దొరకనిచోఁ గథను గథయనియే చెప్పుట, ఈ రెండును జాలును. కార్వానులోని తోలీ మసీదును జూపి మూసాఖానును, మూసారాంబాగును జూపి రేమోను వేర్వేఱుగాఁ జెప్పఁగల యుపాధ్యాయుఁడు, వేమనను గాటయవేముని వేర్వేఱుగాఁ జెప్పుటకు వెనుదీయఁడు. కాటయవేముని వ్యాఖ్యనుండి యొక్క పుటయైనను తరగతిలోఁ జదివి వినిపించుట దానికిఁ దొలియడుగు. దీనిని విజ్ఞులు పరిశీలించి లోపములున్నచో సవరింతురు గాక.